టెమరేర్ ఆరో పుస్తకం: దాటెయ్యాల్నా, చదవాల్నా?

దుందుభి వాగు (రాత్రి 9:12)

పోయిన వారం ఇక్కడ ఒక తమ్ముడు అడిగిండు: టెమరేర్ నవలలు ఐదు అయిపోయినయ్, ఆరోది సాగదీత అంటున్నరు, దాటేసి ఏడోదానికి పోతే కథ అర్థమైతదా అని. కింద అందరూ ‘దాటెయ్ తమ్మీ, ఏం పోదు’ అనే రాసిన్రు. అది చదివినకాడ్నుంచి నా మనసు ఊకుంటలేదు. తొమ్మిది పుస్తకాలల్ల నాకు అన్నిటికన్న నచ్చింది ఆ ఆరోదే. ఎందుకో చెప్త. ఒప్పుకోనోళ్లు మొహమాటం లేకుండ రాయున్రి.

తెల్వనోళ్ల కోసం జర ముందు కథ. రాసినామె అమెరికా రచయిత్రి నవోమీ నోవిక్. మొదటి నవల 2006ల వచ్చింది, ఆఖరుది 2016ల. మనం బడిల చదువుకున్న నెపోలియన్ యుద్ధాలే, కాకుంటే ప్రతి దేశానికి డ్రాగన్ల దండు ఉంటది. ఆ డ్రాగన్లు మాట్లాడ్తయి, ఆలోచిస్తయి, అలుగుతయి. లారెన్స్ ఇంగ్లీషు నౌకాదళంల కెప్టెన్. ఫ్రెంచోళ్ల ఓడను పట్టుకుంటే అందుల ఒక గుడ్డు దొరుకుతది, చైనా చక్రవర్తి నెపోలియన్‌కు పంపిన కానుక. అది పగిలి వచ్చినోడే టెమరేర్. ఇక్కడ్నుంచి కథంత బయటపడ్తది, ఇంక చదవనోళ్లు ఇక్కడ్నే ఆగున్రి.

నాలుగోదాంట్ల డ్రాగన్లకు అంటురోగం తగుల్తది. మందు ఆఫ్రికాల దొరుకుతది. ఇంగ్లండు సర్కారు ఏం జేస్తది, రోగమొచ్చిన డ్రాగన్‌ను కావాల్నని ఫ్రాన్సు దిక్కు ఇడిసిపెడ్తది. అది తట్టుకోలేక లారెన్స్, టెమరేర్ కలిసి మందు తీస్కపోయి శత్రువుకు ఇచ్చొస్తరు. సర్కారు లెక్కల అది దేశద్రోహం. ఐదోదాంట్ల నెపోలియన్ ఇంగ్లండుల దిగితే వీళ్లే ముందుండి కొట్లాడ్తరు. అయినా శిక్ష పోదు. ఉరిని మార్చి ఆస్ట్రేలియాకు పంపుతరు. ఆరోది ‘టంగ్స్ ఆఫ్ సర్పెంట్స్’, 2010ల వచ్చింది. కథ ఆడికెళ్లి మొదలైతది.

అందుల పెద్ద యుద్ధం లేదు. నెపోలియన్ కనబడనే కనబడడు. కొత్త వలసల డ్రాగన్లను పెంచుమని మూడు గుడ్లు ఇచ్చి పంపిన్రు. అందుల ఒకటి దొంగల పాలైతది. దాని ఎంబడి ఎడారి నడిమిట్ల వారాలకు వారాలు పోతనే ఉంటరు. అందరి ఫిర్యాదు గదే: పోతనే ఉంటరు అని.

మాది జడ్చర్ల దగ్గర ఒక పల్లె. మా నాయిన మేస్త్రీకాడ అడ్వాన్సు తీస్కొని గుంపుతోని పుణె, బొంబాయి పోయెటోడు. పాలమూరు లేబర్ అంటే అందరికి తెలుసు గద. నేను మా అవ్వకాడ పెరిగిన. ఎండకాలం వాగు ఎండితే అవ్వ ఇసుకల చెలిమె తోడేది. మోచేయి లోతుదాక చేతులతోని, ఎనక సత్తు చెంబుతోని. మొదలు ఊరిన నీళ్లు పారబోసేది. రెండోసారి ఊరినయి కూడ పారబోసేది. మూడోసారి ఊరినయే కొంగు అడ్డం బెట్టి బిందెల వంచేది. ఒక్క బిందె నిండేవరకు పొద్దు నెత్తి మీదికొచ్చేది. నేను పక్కన కూసొని ఆ గుంతనే చూసెటోన్ని.

ఆ నవలల నీటిగుంటల కాడ బనియిప్‌లని ఒకరకం జంతువులు భూమిల బొరియలు చేసుకొని కాసుకోని ఉంటయి. నీళ్లకని పోయిన మనిషి మళ్ల రాడు. ఆకాశంల నెపోలియన్ దండును ఎదిరిచ్చినోళ్లు ఈడ ఒక్క గుంట నీళ్లకు పోవాల్నంటే గజగజ వణుకుతరు. ఆ పేజీలు చదువుతుంటే నాకు నోరెండిపోయింది. దాన్ని సాగదీత అని ఎట్లంటరో నాకు అర్థం గాలే.

ఇంకోటి. లారెన్స్ కొలువు పోయినోడు. ఊరు పోయింది, పరువు పోయింది, ఉన్నది ఒక్క టెమరేరే. ముందు ఐదు పుస్తకాలల్ల పైనుంచి హుకుం వచ్చేది, చేయాల్నా వద్దా అనే ఉండె. ఈడ హుకుమిచ్చెటోడు లేడు. ఇప్పుడు ఏం జేస్తవు అన్న ప్రశ్న ఒక్కటే ముందట ఉన్నది. మా నాయిన పని బందై ఇంటికొచ్చి నాలుగు నెలలు అరుగు మీద కూసున్నడు, అప్పుడు ఆయన మొఖం ఎట్లుండెనో నాకు యాదికున్నది. ఆ మొఖం నాకు లారెన్స్‌ల కనబడ్డది.

కోటగడ్డ, దేవరకొండ (రాత్రి 9:47)

అన్నా, చెలిమె ముచ్చట చదువుతుంటే మా ఊరు యాదికొచ్చింది. కాకుంటే ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్త, ఏమనుకోకు. ఆ నీళ్లు నువ్వు తెచ్చినయి. పుస్తకంల లెవ్వు. మీ అవ్వను, మీ నాయినను తీసుకపోయి ఆ ఎడారిల నిలబెట్టినవు, అందుకే నీకు అది నిండుగ అనిపించింది. చెలిమె తోడని పాఠకుడికి ఆ పేజీలు ఏమిస్తయి? దాన్ని బట్టి పుస్తకం బాగుందా లేదా చెప్పాలె.

నేను ఈ సిరీస్‌ను ప్రాణం పెట్టి చదివినోన్ని. రెండోదాంట్ల చైనాకు పోతే ఆడ డ్రాగన్లు బజార్ల మనుషుల నడుమ నడుస్తుంటయి, సొంతంగ పైసలు ఉంటయి, చదువుకుంటయి. అది చూసినంక టెమరేర్‌కు ఇంగ్లండుల తన బతుకు ఏందో తెలిసొస్తది. అంటే ప్రయాణం వల్ల కథ మారింది. మూడోదాంట్ల కూడ ఎడారి ఉన్నది, తక్లమకాన్ దాటుతరు. కాని దాని ఎనక ఇస్తాంబుల్ ఉన్నది, 1806ల యేనా యుద్ధంల నెపోలియన్ చేతిల ప్రష్యా అనే జర్మన్ రాజ్యం కుప్పకూలుడు ఉన్నది. ఆరోదాంట్ల అదే ఎడారి మళ్ల వచ్చింది, చాలాసేపటిదాక ఎనక ఏం లేదు. ఒక దినం నీళ్లు దొరకవు. తెల్లారి తిండి దొరకదు. మర్నాడు జాడ దొరికినట్టే దొరికి పోతది.

అసలు సరుకు ఆఖరుకు వస్తది. ఉత్తరం దిక్కు సముద్రం ఒడ్డుకు చేరితే ఆడ చైనా వాళ్ల వ్యాపార రేవు, సముద్రపు పాములను మచ్చిక చేసుకొని వాటితోని సరుకు తెప్పిస్తుంటరు. ఎంత మంచి ఊహ! దాన్ని సగం పుస్తకం చేయాల్సింది, ఆఖరుకు అంటిచ్చి ఇడిసిపెట్టింది. నా బాధ గది. చెత్త రాస్తే బాధ ఉండకపోవు. మంచిదాన్ని మూలకు పెట్టినందుకు బాధ.

సాగర్ ఎడమ కాల్వ (రాత్రి 10:05)

ఆ ప్రశ్న అడిగింది నేనే అన్నా. ఇంత పెద్ద చర్చ అయితదనుకోలే. నేను మిర్యాలగూడ నుంచి హైదరాబాదు బస్సులో వస్తూ పోతూ ఫోనులో చదువుతాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే, డిక్షనరీ చూసుకుంటూ ఒక్కో పుస్తకానికి రెండు నెలలు పడుతుంది. అందుకే అడిగాను. కథ ఏమీ జరగని పుస్తకానికి రెండు నెలలు పెట్టాలా అని.

బడి సుద్దముక్క, నల్లగొండ (రాత్రి 10:31)

నేను ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఈ నవలలు మా అమ్మాయి ఇస్తే చదివాను. ‘ఏమీ జరగదు’ అనే మాట దగ్గర నేను ఆగాలి.

ఆ నవల మొదలయ్యే చోటు ఊహించి పెట్టింది కాదు. 1788 జనవరి 26న ఇంగ్లండు ఖైదీల ఓడలు సిడ్నీ రేవులో దిగాయి. అక్కడి నుంచి 1868 దాకా సుమారు 1,62,000 మందిని ఆ దేశానికి తోలారు. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1808 జనవరి 26న, ఆ వలసను కాపలా కాయవలసిన సైనికులే గవర్నరును బంధించి అధికారం చేజిక్కించుకున్నారు. సారా వ్యాపారం మీద ఆ సైనికాధికారులకు ఉన్న పట్టు అందులో పెద్ద కారణం కాబట్టి దానికి ‘రమ్ తిరుగుబాటు’ అని పేరు పడింది. ఆ గవర్నరు విలియం బ్లై. 1789లో బౌంటీ అనే ఓడలో సొంత నావికులే ఆయన మీద తిరగబడి నడిసముద్రంలో పడవెక్కించి వదిలేశారు. ఆ బ్లై ఈయనే. ఒకే మనిషి మీద రెండు తిరుగుబాట్లు!

నోవిక్ తన లారెన్స్‌ను తెచ్చి ఈ గొడవ మధ్యలో దింపింది. దేశద్రోహి అని ముద్ర పడినవాడు. గవర్నరు వచ్చి ‘నీ డ్రాగన్‌తో నా కుర్చీ నాకు ఇప్పించు, నీకు క్షమాభిక్ష దొరికేటట్టు చూస్తాను’ అంటాడు. తిరగబడినవాళ్లేమో తమ పక్కకు రమ్మంటారు. లారెన్స్ ఎవరి పక్కా చేరడు. నాలుగో పుస్తకంలో ఆవేశంతో ఒక్క పని చేసి అన్నీ పోగొట్టుకున్న మనిషి, ఇక్కడ ‘నేను మళ్లీ ఎవరి చేతిలోనూ ఆయుధం కాను’ అని నిలబడతాడు. సుందరయ్యో, గాంధీయో కానక్కర్లేదు, మన ఊళ్లలో కూడా ఇటువంటి మనుషులు ఉంటారు. రెండు పార్టీలూ పిలిచినా పోనివాడికి ఊళ్లో బతకడం ఎంత కష్టమో మనకు తెలుసు.

ఇక ఉత్తరాన ఆ చైనా రేవు. దానికీ చరిత్రలో వేరు ఉంది. యూరపువాళ్లు అక్కడ స్థిరపడక ముందే, ఇప్పటి ఇండోనేషియాలోని మకస్సర్ నావికులు ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి వచ్చి సముద్ర దోసకాయ అనే జీవిని పట్టి, ఉడికించి, ఎండబెట్టి చైనాకు అమ్మేవారు. అక్కడి ఆదివాసులతో వాళ్లకు ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండేవి. ఆ ఖండం ఖాళీగా ఉందని, మేమే కనిపెట్టామని చెప్పుకున్నవాళ్లకు ఈ నవల చెప్పే జవాబు అది. మీరు నడిచి నడిచి చచ్చి చేరేసరికి అక్కడ బజారు నడుస్తోంది! దేవరకొండ మిత్రుడు ‘ఎనక ఏం లేదు’ అన్నది నేను ఒప్పుకోను. ఆ నడక అంత పొడుగు లేకపోతే ఆ రేవు చూసినప్పుడు మనకు ఆ దెబ్బ తగలదు.

ఒక లోపం మాత్రం నిజం. సిడ్నీ రాజకీయాన్ని అంత బాగా మొదలుపెట్టి, ప్రయాణం మొదలవగానే పక్కన పెట్టేసింది. బ్లై గురించి ఇంకో యాభై పేజీలు రాసి ఉంటే సంతోషంగా చదివేవాణ్ణి.

మన్ననూరు దారి (రాత్రి 11:02)

సారు చెప్పినంక నేను కూడ ఒక మాట చెప్పాలె. నేను అమ్రాబాద్ దిక్కు చెంచు పెంటలల్ల, అంటే చెంచుల గూడేలల్ల, పదకొండేండ్లు నర్సు పని చేసిన. నల్లమలల చెంచులకు తెల్వని నీటి ఊట ఉండదు. ఏ రాయి కింద తేమ ఉంటదో, ఏ చెట్టు కాడ తవ్వాల్నో, ఏ నెలల ఏ గడ్డ దొరుకుతదో పిల్లలకు సుత ఎరుక. ఒకసారి మా జీపు ఆగిపోతే పదేండ్ల పోరడు మమ్ముల తీస్కపోయి రెండు బండల సందు చూపెట్టిండు. ఆకు దోనె చేసి ఆ సందుల పెట్టిండు. చుక్క చుక్క పడుతుంటే వాడు పాట పాడుకుంట కూసున్నడు, మేమేమో సచ్చిపోతమేమో అని భయంతోని ఉన్నం.

ఆ నవల చదువుతుంటే నాకు కొట్టొచ్చినట్టు కనబడ్డది ఇది. లారెన్స్ వాళ్లకు ఆ నేల ఎడారి. ఆడ వేల ఏండ్ల నుంచి ఉన్నోళ్లకు అది ఇల్లు. ఆ ఇంటోళ్లు దారి పొడుగున దూరం నుంచే మెదుల్తరు, ఆఖరుకు ఉత్తర తీరంల ఉండే లరాకియా అనే ఆదివాసులు వచ్చినంకనే వాళ్లను మనం దగ్గరగ చూస్తం. చెంచులు లేకుండ నల్లమల కథ రాస్తే నేను ఒప్పుకుంటనా? గందుకే ఇది గొప్ప పుస్తకం అని నేను అననీకె లేదు.

కాకుంటే కోటగడ్డ తమ్మీ, గుడ్డు ఎంబడి పడ్డదానికి ఫలితం లేదన్నట్టు మాట్లాడినవు చూడు, అది తప్పు. ఆఖరుకు గుడ్డు దొరికే సరికి అది పగిలి పిల్ల అయింది. తరుంకా అని పేరు. లరాకియా వాళ్ల నడుమ పెరుగుతున్నది, మేమొచ్చినం పోదాం పా అంటే పోయే రకం గాదు. ఎంత దూరం నడిచిన్రు, ఎంతమంది సచ్చిన్రు, ఆఖరుకు ఆ పిల్ల మీది గాదు! సర్కారు ఆస్తి అని రాసుకొచ్చిన కాయితం ఆడ చెల్లలే. ఆ పేజీ కాడ నేను పుస్తకం మూసి ఇంత సేపు ఊకెనే కూసున్న.

దుందుభి వాగు (రాత్రి 11:40)

అక్కా, మీరు చెప్పిన లోపం నాకు చదివేటప్పుడు తట్టలే. ఇప్పుడు తడుతున్నది. నేను నీళ్లకు తండ్లాడెటోళ్ల దిక్కు కూసొని చదివిన, నీళ్లు ఎరికున్నోళ్ల దిక్కు చూడలే. మళ్ల చదివినప్పుడు ఆ కన్నుతోని చదువుత.

దేవరకొండ తమ్మీ, నువ్వు ‘ఆ నీళ్లు నువ్వు తెచ్చినయి’ అన్నవు. సగం నిజం. అయితే మా అవ్వను పక్కన పెట్టే మాట్లాడుత. పుస్తకంల ఉన్నదే చెప్త. కులింగిలే.

మూడో గుడ్డు ఎడారి నడిమిట్ల పగుల్తది. పిల్ల వంకరగ పుట్టింది. ఊపిరి సక్కగ ఆడది, రెక్క లేపనీకె రాదు. ఆఫీసర్లు చూసి మొఖాలు తిప్పుకున్నరు, ఇది బతకదు, బతికినా పనికిరాదు, నొప్పి తెల్వకుండ చంపేస్తే నయం అన్నరు. ముందట ఆ గుడ్డు కోసం ఎంత పోటీ! ఒక్కడు ముట్టుకోలే. అప్పుడు డెమానే ముందుకొస్తడు. ఆఫ్రికా పోరడు, తమ్మునితోని కలిసి నాలుగో పుస్తకంల వీళ్ల ఎంబడి వచ్చినోడు. డ్రాగన్ ఇస్తమని వాన్ని కలల సుత ఎవరూ అడగరు. వాడు నేను సాక్కుంట అంటడు. తినేతందుకే ఏం లేని ఎడారిల, అందరు దండగ అంటుంటే, వేటాడి తెచ్చి ఆ పిల్ల నోట్లె పెడ్తడు. దినాం అదే పని. పిల్ల తింటది, పడుకుంటది, మళ్ల ఆకలంటది.

కోటగడ్డ తమ్మీ, నువ్వు ‘ఒక దినం నీళ్లు దొరకవు, తెల్లారి తిండి దొరకదు’ అని లెక్కపెట్టిన దినాలు గవే. ఆ దినాలల్ల ఆ పోరడు ఆ పిల్లను సాకిండు. ఆ దినాలు కోసేస్తే సాకుడు కూడ పోతది. కొన్ని వారాలకు ఆ పిల్ల లోపలి గాలితిత్తులు నిండి ఉబ్బుతది, పెరుగుతది, ఇంక పెరుగుతది. టెమరేర్ పక్కన నిలబడేటంత అయితది. చంపుమన్నోళ్లే అప్పుడు మాకియ్యిమని ఎంబడి పడ్తరు. అది ఎవ్వల్ని దగ్గరికి రానియ్యది. నాకు ఏడుపొచ్చింది, దాపెట్టుకునేది ఏమున్నది.

మిర్యాలగూడ తమ్మీ, నీ ప్రశ్నకు జవాబు కూడ అండ్లనే ఉన్నది. ఏడు, ఎనిమిది, తొమ్మిదిల కులింగిలే, డెమానే ఉంటరు. ఆరు దాటేస్తే కథ అర్థమైతది, ఆ మాట నిజమే. కాని కులింగిలే నీకు ఒక పెద్ద డ్రాగన్ లెక్క కనబడ్తడు, అంతే. వాడు ఊపిరాడక ఇసుకల పడి ఉన్న దినం నీకు తెల్వది.

కోటగడ్డ, దేవరకొండ (రాత్రి 11:58)

కులింగిలే ముచ్చట ఒప్పుకుంట. ఎంత మంచిగ ఉంటదో నాక్కూడ ఎరుకే. తరుంకా గురించి అక్క చెప్పింది నేను అట్ల చదవలే, నా తప్పు.

అయినా నడక విషయంల నా మాట నేను ఇడువ. సాకుడు చూపియ్యాల్నంటే దినాలు పొడుగు గావాలె, నిజమే. కాని ఆ పొడుగుల ఒక్కో దినం ఒక్కోతీరు ఉండాలె. మీ అవ్వ చెలిమె నువ్వు ఏడెనిమిది లైన్లల్ల చెప్పినవు అన్నా, మూడుసార్లు నీళ్లు ఊరినయి, రెండుసార్లు పారబోసింది, మూడోసారి బిందెల వంచింది. ఆమె రాసిన ఎడారిల పదిసార్లు ఊరింది ఒకే నీళ్లు. నీకు నచ్చిన పుస్తకం కన్న నువ్వు చెప్పిందే బాగున్నది, గదే నా ఫిర్యాదు.

బడి సుద్దముక్క, నల్లగొండ (ఉదయం 6:20)

రాత్రి నిద్రపోయాను, పొద్దున్నే చదివాను. వరుస గురించి ఒక మాట. విశ్వనాథ సత్యనారాయణ గారి పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలు. చిన్నప్పుడు లైబ్రరీలో నాకు అవి వరుసగా దొరకలేదు. ఏది చేతికొస్తే అది చదివాను. నడుమది ముందు, మొదటిది ఎప్పుడో తరవాత. ఏ నవలకు ఆ నవల నిలబడింది. అందుకే సిరీస్ అంటే వరుసగానే చదవాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఈ సిరీస్ అట్లాంటిది కాదు. ఇది ఒకే మనిషి, ఒకే డ్రాగన్ జీవితం. మా అమ్మాయి మొదట నాకు ఐదోది ఇచ్చింది, యుద్ధం ఉంది చదవండి నాన్నా అని. నలభై పేజీలు చదివి తిరిగి ఇచ్చేశాను. వాళ్లు ఏం పోగొట్టుకున్నారో తెలియనిదే ఆ బాధ నాకు అందలేదు. మొదటి దాని నుంచి మళ్లీ మొదలుపెట్టాను. మిర్యాలగూడ అబ్బాయీ, నీకు ఇంగ్లీషు కష్టంగా ఉందంటున్నావు కనుక చెబుతున్నా: ఆరోదానిలో యుద్ధపు మాటలు, ఓడల మాటలు తక్కువ. నేల, ఎండ, నీళ్లు, ఆకలి గురించిన మాటలే ఎక్కువ. నీకు మిగతా వాటికంటే తొందరగానే నడుస్తుంది.

సాగర్ ఎడమ కాల్వ (ఉదయం 7:45)

సార్, అన్నా, అక్కా, బస్సులో ఉన్నాను. చిట్యాల దాటింది. ఏడోది తీసేసి ఆరోది మొదలుపెట్టాను. ఇంకా సిడ్నీలోనే ఉన్నారు. బ్లై ఇప్పుడే వచ్చాడు, సారు చెప్పకపోయి ఉంటే ఆ పేరు నిజం మనిషిదని తెలిసేది కాదు. గుడ్లు మూడూ ఇంకా ఉన్నాయి. మూడో గుడ్డు గురించి చదివినప్పుడల్లా ‘ఇదే, ఇదే’ అనిపిస్తోంది, మిగతావాళ్లకు ఎవరికీ తెలియదు కదా.

మన్ననూరు దారి (ఉదయం 8:10)

నీళ్ల సీసా దగ్గర పెట్టుకొని చదువు తమ్మీ. ఎడారి కాడికి పోయినంక ఒకసారి రాయి, నీకు ఏ దినం మంచిగ అనిపించిందో.